పై చెయ్యి, కింది చెయ్యి

ఆషాఢం వస్తే మా వైపు ఫంక్షన్ హాళ్ళు బోసిపోతాయి. పెళ్ళిళ్ళుండవు, గృహప్రవేశాలుండవు, కొత్త కోడళ్ళు పుట్టింటికి చేరతారు. సరిగ్గా ఆ రోజుల్లోనే, శూన్యమాసమన్న పట్టింపు లేకుండా, ఊళ్ళో చిన్న చిన్న పట్టాభిషేకాలు జరిగిపోతుంటాయి. రోటరీ వాళ్ళకీ లయన్స్ వాళ్ళకీ కొత్త సంవత్సరం జూలై 1న మొదలవుతుంది. ఆ నెలలో ఏ సాయంత్రం చూసినా ఏదో ఒక క్లబ్బు ఇన్‌స్టలేషన్ ఉంటుంది. పాత ప్రెసిడెంటు తన మెడలోని కాలరు తీసి కొత్త ప్రెసిడెంటు మెడలో వేస్తాడు. నిన్నటిదాకా ఎరువుల కొట్టు యజమానిగానో, పళ్ళ డాక్టరుగానో, ఎల్ఐసీ డెవలప్‌మెంట్ ఆఫీసరుగానో ఊరికి తెలిసిన మనిషికి ఒక ఏడాదిపాటు మరో గుర్తింపు వస్తుంది. భార్య పట్టుచీరలో, పిల్లలు ముందు వరసలో, బయట రోడ్డు మీద నిలువెత్తు ఫ్లెక్సీ.

వేదిక మీద కూర్చునే వరసకు ఓ లెక్క ఉంటుంది. క్లబ్బుల డిస్ట్రిక్టు గవర్నరు, మాజీ గవర్నర్లు, జోన్ చైర్మన్లు, పక్క ఊరి క్లబ్బుల ప్రెసిడెంట్లు. ఒక్కొక్కరినీ హోదాతో సహా పిలవాలి. ఒక్క పేరు తప్పినా మర్నాడు పొద్దున్నే ఫోనొస్తుంది. శాలువాలయ్యాక, మొమెంటోలయ్యాక, భోజనాలకు ముందు సేవా కార్యక్రమం. నాలుగు కుట్టుమిషన్లు, రెండు మూడుచక్రాల సైకిళ్ళు, బడిపిల్లలకు బ్యాగులు. వాటిని అందుకోవాల్సినవాళ్ళు సాయంత్రం అయిదింటికే వచ్చి గోడవార ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని ఉంటారు. ముఖ్య అతిథి కారు ఆలస్యమై సభ ఏడున్నరకు మొదలైతే, వాళ్ళ పేర్లు పిలిచేసరికి తొమ్మిది దాటుతుంది. పిలవగానే లేచి, చెప్పులు మెట్ల దగ్గర వదిలేసి, వేదికెక్కి, చేతులు చాపి, కెమెరా వైపు తిరగమంటే తిరిగి, దిగిపోతారు. వాళ్ళు తప్ప వేదిక మీద ఎవరూ చెప్పులు విప్పరు. ఆ సాయంత్రం మైకు దగ్గరికి రానివాళ్ళు కూడా వాళ్ళే.

ఆ ఫొటోలో చేతుల అమరిక మనకు కొత్తది కాదు. బడిలో పోతన పద్యం కంఠస్థం చేసిన ప్రతి తెలుగువాడికీ తెలుసు. శుక్రాచార్యుడు వద్దు వద్దంటున్నా బలిచక్రవర్తి వినడు. లక్ష్మీదేవిని లాలించిన విష్ణువు చెయ్యి కింద, తన చెయ్యి పైన ఉండడం కంటే గొప్ప ఏముందని మురిసిపోతాడు. దాతల్లో శిఖరం లాంటి మనిషి, రాజ్యం పోతుందనీ ప్రాణం మీదికి వస్తుందనీ తెలిసి కూడా, చెయ్యి పైన ఉందన్న ఆనందాన్ని దాచుకోలేకపోయాడు. పోతన కూడా దాచలేదు. మహాదాతకే తప్పనిది మన ఊరి ప్రెసిడెంటుకు తప్పుతుందా?

ఇదంతా చెప్పి నవ్వడం తేలిక. ఆసుపత్రి మంచం మీద రోగి, ఒక్క అరటిపండు, దాన్ని పట్టుకున్న పది చేతులు, పది నవ్వుమొహాలు. ఈ బొమ్మ మన కార్టూనిస్టులు ఎప్పుడో గీసేశారు. ఆ నవ్వు మీద నాకు పెద్ద గౌరవం లేదు. నవ్వేవాళ్ళలో చాలామంది ఆ ఒక్క పండైనా పట్టుకెళ్ళినవాళ్ళు కాదు. పైగా ఆ నవ్వు వెనక ఒక పాత ప్రశ్న దాక్కుని ఉంటుంది: పేరు కోసం చేశాడా, ప్రేమతో చేశాడా? పెద్దపెద్దవాళ్ళు తలలు బద్దలు కొట్టుకున్న ప్రశ్న ఇది. భగవద్గీత పదిహేడో అధ్యాయం దానాన్ని మూడు రకాలుగా విడదీసి, తిరిగి ఏదో వస్తుందని ఇచ్చేదాన్ని ఒక మెట్టు కిందికి దించింది. జర్మనీలో కాంట్ ఇంకా కఠినం. కర్తవ్యమనుకుని చేసినదానికే నైతికమైన విలువ ఉందన్నాడు. ఇవ్వడంలో మనకు కలిగే సంతోషాన్ని కూడా ఆయన లెక్కలోకి తీసుకోలేదు.

కానీ ఈ విచారణంతా దేని గురించి? ఇచ్చేవాడి గుండెలోకి తొంగిచూడడమే కదా. శుక్లం తీయించుకుని మనవరాలి మొహం చూసుకున్న ముసలమ్మకు ప్రెసిడెంటుగారి అంతరంగంతో పనేముంది? ఆయన మనసు శుద్ధి చేసుకోవాలో లేదో ఆయన చూసుకుంటాడు. మనం ఆయన ఉద్దేశాల చుట్టూ తిరిగినంతసేపూ కథానాయకుడు ఆయనే. ఫొటోలోనూ ఆయనే మధ్యలో, తత్వశాస్త్రంలోనూ ఆయనే మధ్యలో. మనిషే అన్నిటికీ కొలబద్ద అని మానవతావాదులం చెప్పుకుంటాం, సరే. ఏ మనిషి? చెయ్యి పైన ఉన్నవాడా, కింద ఉన్నవాడా?

అందుకని నాకు ఆ ప్రశ్న మీద ఆసక్తి పోయి, ఇంకోటి పట్టుకుంది. ఇచ్చినవాడు ఎవరికి జవాబు చెప్పాలి? క్లబ్బు ప్రెసిడెంటు పైన డిస్ట్రిక్టుకు నెలనెలా రిపోర్టు పంపుతాడు. ఎన్ని ప్రాజెక్టులు, ఎంతమంది లబ్ధిదారులు, ఎంత ఖర్చు. ఏడాది చివర అవార్డులు ఆ అంకెల మీదే వస్తాయి. పక్కన సభ్యులకు లెక్క చెబుతాడు. ట్రెజరరు చదివిన పద్దులో నూట యాభై రూపాయలు తేలకపోతే అరగంట చర్చ నడుస్తుంది. కింద, పుచ్చుకున్న మనిషికి? ఆ దిక్కుకు దారే వేయలేదు.

మొదట్లో ఈ క్లబ్బులు ఇలా ఉండేవి కావు. ఆ మాటకొస్తే సేవ కోసం పుట్టినవే కావు. 1905 ఫిబ్రవరి 23న చికాగోలో పాల్ హ్యారిస్ అనే లాయరు, ఒక బొగ్గు వ్యాపారి, ఒక గనుల ఇంజనీరు, ఒక దర్జీ దుకాణం ఆయన, నలుగురూ కలిసి కూర్చున్నారు. హ్యారిస్ చిన్న ఊళ్ళో పెరిగి మహానగరానికి వచ్చిపడ్డవాడు. ఆదివారం వస్తే మాట్లాడే దిక్కులేదు. స్నేహం కోసం మొదలైన కూడిక అది. వారానికొకరి ఆఫీసులో, వంతులవారీగా కలిసేవారు కాబట్టి రోటరీ అని పేరొచ్చింది. ఒంటరితనం బాధించి పెట్టుకున్న సంఘమన్నమాట. మన ఊళ్ళలో కూడా లోగుట్టు ఇదేనని నాకు గట్టి అనుమానం. పొద్దున్నించి రాత్రిదాకా గల్లాపెట్టె ముందు కూర్చునే మనిషికి, బేరం లేకుండా నాలుగు మాటలు మాట్లాడుకునే చోటు ఇంకెక్కడుంది? లయన్స్ క్లబ్బుల్లో టెయిల్ ట్విస్టర్ అని ఒక పదవి ఉంది. మీటింగులో టై కట్టుకురాలేదనో, పుట్టినరోజు దాచిపెట్టాడనో సభ్యులకు సరదా జరిమానాలు వేయడం ఆయన పని. యాభై ఏళ్ళు దాటిన మగవాళ్ళు కాసేపు బడిపిల్లలు కావడానికి రాజ్యాంగబద్ధంగా ఏర్పాటు చేసుకున్నారు. దీన్ని తప్పుపట్టే మనసు నాకు లేదు.

ఆ చికాగో క్లబ్బు చేపట్టిన మొదటి పెద్ద ప్రజాసేవ ఏమిటో మన క్లబ్బుల ఉపన్యాసాల్లో పెద్దగా వినపడదు. 1907లో నగరం నడిబొడ్డున ప్రజల కోసం మరుగుదొడ్లు కట్టించాలని ఉద్యమం మొదలుపెట్టారు. సారా వ్యాపారులు అడ్డుపడ్డారు, పెద్ద దుకాణాలవాళ్ళు అడ్డుపడ్డారు. జనం ఆ పనికి తమ దగ్గరికే రావాలి, వచ్చినవాళ్ళు ఎంతో కొంత కొనాలి, అదీ వాళ్ళ లెక్క. చివరికి మరుగుదొడ్లు వచ్చాయి. నా దృష్టిలో రోటరీ చేసిన అతి నాగరికమైన పని అదే. మరుగుదొడ్డి వాడుకునేవాడు ఎవరికీ దణ్ణం పెట్టక్కర్లేదు. చెప్పులు విప్పి వేదిక ఎక్కక్కర్లేదు. లబ్ధిదారుడి ఫొటో తీసే వీలే లేని సేవ అది.

అదే 1905లో, నాలుగు నెలల తేడాతో, పుణెలో గోఖలే సర్వెంట్స్ ఆఫ్ ఇండియా సొసైటీ పెట్టాడు. అందులో చేరినవాళ్ళు జీవితం మొత్తం దేశానికి రాసిచ్చేయాలి, సొంతానికి డబ్బు సంపాదించనని ప్రమాణం చేయాలి. శ్రీనివాసశాస్త్రి, ఠక్కర్ బాపా, ఎన్.ఎం.జోషి లాంటివాళ్ళు అందులోంచి వచ్చారు. ఒకటి జీవితమంతా ఇచ్చినవాళ్ళ సంస్థ, రెండోది తీరికవేళ ఇచ్చేవాళ్ళ సంస్థ. లోకమంతా పాకింది రెండోది. ఇవాళ రోటరీకి పది లక్షలకు పైగా సభ్యులున్నారు. ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. ఠక్కర్ బాపాలు నూటికో కోటికో పుడతారు. మిగిలినవాళ్ళకు కొట్లున్నాయి, క్లినిక్కులున్నాయి, పెళ్ళి కావాల్సిన పిల్లలున్నారు. మన పురాణాలు కర్ణుణ్ణీ శిబినీ రంతిదేవుణ్ణీ చూపించి ఊరుకున్నాయి. రెండో శనివారం సాయంత్రం రెండు గంటలు ఇవ్వగలిగిన మనిషి ఎలా ఇవ్వాలో ఎవరూ చెప్పలేదు. అతనికీ ఒక నీతి కావాలి. ఆ నీతి కర్ణుడి నీతి కాలేదు.

ఈ తీరికవేళ మనుషుల ఏర్పాటులో నాకు నిజంగా అబ్బురమనిపించేది ఒకటుంది. ప్రెసిడెంటు ఏడాదికి దిగిపోతాడు. మన దగ్గర కుర్చీ ఎక్కిన మనిషి దిగడం చూశామా? దేవస్థానం ట్రస్టులు, కులసంఘాలు, సహకార బ్యాంకులు, చివరికి అపార్టుమెంటు అసోసియేషన్లు కూడా. తండ్రి తర్వాత కొడుకు, కొడుకు కుదరకపోతే అల్లుడు. అలాంటి నేల మీద, కాలరు తీసి ఇంకొకడి మెడలో వేసి, మర్నాటినుంచి మామూలు కుర్చీలో కూర్చోవడం చిన్న విషయం కాదు. పైగా ఆ ఏడాదైనా ఆయన చేతిలో ఉన్న అధికారమేపాటిది? ఎవరి జీతమూ ఆపలేడు, ఎవరినీ బదిలీ చేయలేడు. ఆదివారం పొద్దున్నే ఆరింటికి రమ్మంటే సభ్యులు రావచ్చు, రాకపోవచ్చు. వచ్చినవాడికి టిఫిను పెట్టి, రానివాడి మీద అలగకుండా, మనస్సు నొప్పించకుండా పని జరిపించాలి. ఆజ్ఞ లేని నాయకత్వమిది. కలెక్టరు ఒక్క సంతకంతో చేసే పనికి ఈయన ముప్ఫై ఫోన్లు చేస్తాడు. ప్రజాస్వామ్యం గురించి పుస్తకాల్లో చదవడం కంటే ఒక ఏడాది క్లబ్బు సెక్రటరీగా చేస్తే ఎక్కువ తెలుస్తుంది.

అయితే ఈ ఏడాది గడువే ఇంకోవైపు నుంచి దెబ్బ తీస్తుంది. పన్నెండు నెలల్లో మొదలై, పూర్తయి, ఫొటోలకెక్కే పనే 'ప్రాజెక్టు' అవుతుంది. బడి ఆవరణలో ఆర్వో వాటర్ ప్లాంటు పెట్టించడం ప్రాజెక్టు. దాని మెంబ్రేను రెండు మూడేళ్ళకోసారి మార్పించడం ప్రాజెక్టు కాదు, పాతదానికి మరమ్మతు. కొత్త ప్రెసిడెంటు వేరేవాడి ఏడాదిలో పెట్టిన ప్లాంటు మీద డబ్బు ఎందుకు పెడతాడు? ఆయనకూ ఒక శిలాఫలకం కావాలి కదా. మా ఊరి దగ్గర ఒక హైస్కూల్లో అలాంటి ప్లాంటొకటి ఉంది. నీలం రంగు ట్యాంకు, స్టీలు కుళాయిలు, పైన గ్రానైట్ పలక. పలక మీద గవర్నరు పేరు, ప్రెసిడెంటు, సెక్రటరీ, ట్రెజరర్ల పేర్లు, దాత తల్లిదండ్రుల పేర్లు బంగారురంగు అక్షరాల్లో చెక్కించారు. కుళాయి విప్పితే గాలి శబ్దం వస్తుంది. పిల్లలు ఇళ్ళ నుంచి సీసాలు తెచ్చుకుంటున్నారు. ఆ పలకంతా వెతికినా, ఇది పాడైతే ఎవరికి చెప్పాలో ఎక్కడా లేదు.

గోదావరి లంకల్లో డొక్కా సీతమ్మగారి సంగతి ఇక్కడ గుర్తొస్తుంది. 1841లో పుట్టి 1909లో పోయిన ఆ ఇల్లాలు లంకల గన్నవరంలో ఏ వేళప్పుడు ఎవరొచ్చినా అన్నం పెట్టింది. ఎడ్వర్డ్ చక్రవర్తి పట్టాభిషేకానికి ఆమె ఫొటో అడిగి తెప్పించుకున్నారని చెప్పుకుంటారు. మనవాళ్ళకు ఆ ఫొటో కథే ఎక్కువ ఇష్టం. నన్ను ఆలోచింపజేసేది ఆ వేళ సంగతి. ఆమె దగ్గర ముహూర్తం పెట్టేది ఆకలి. పడవ దాటి అర్ధరాత్రి తలుపు తట్టినవాడిదే వేళ. ఆమె లేచి పొయ్యి వెలిగించాల్సిందే. క్లబ్బు సేవలో వేళ పెట్టేది ముఖ్య అతిథి. తేడా అంతా అక్కడుంది. సీతమ్మగారిది గొప్ప మనసు, ప్రెసిడెంటుగారిది చిన్న మనసు అని నేననడం లేదు. ఎవరి గడియారం ప్రకారం సేవ నడుస్తుందన్నదే నా ప్రశ్న.

ఆమధ్య ఒక కంటి శిబిరానికి వెళ్ళాను. పాతరోజుల్లోలా బడి గదుల్లో ఆపరేషన్లు చేయడం లేదిప్పుడు; ఇన్ఫెక్షన్ల భయంతో ఆ పద్ధతి పోయింది. పొద్దున్న టార్చిలైటు వేసి చూస్తారు, బీపీ, షుగరు చూస్తారు, పొర ముదిరినవాళ్ళను బస్సెక్కించి పెద్దాసుపత్రికి పంపుతారు. ఏ కంటికో తెలియడానికి కనుబొమ మీద ప్లాస్టరు ముక్క అంటిస్తారు. పద్ధతైన పని, వంకపెట్టడానికి లేదు. ఆపరేషనై తిరిగి వచ్చినవాళ్ళకు మందులిచ్చే రోజున, నల్లకళ్ళజోడు పెట్టుకున్న ఒక మామ్మ దగ్గర కుర్రాడొకడు కూర్చుని ఓపిగ్గా చెబుతున్నాడు. "మామ్మగారూ, ఈ చుక్కలు రోజుకి ఆరుసార్లు. వారం పోయాక నాలుగుసార్లు. తలంటు పోసుకోవద్దు." ఆవిడ సీసాను వేళ్ళతో తడిమి చూసుకుని, "వేసుకుంటాలే బాబూ. ఇది అయిపోతే ఎవర్నడగాలి?" అంది. "మళ్ళీ క్యాంపు పెడతాం కదా మామ్మా." "ఎప్పుడు?" కుర్రాడు సెక్రటరీ వైపు చూశాడు. సెక్రటరీ ఫోన్లో ఉన్నాడు, ఎమ్మెల్యేగారు బయల్దేరారో లేదో కనుక్కుంటూ.

'ఎవర్నడగాలి' అన్న ఆ మాటలో నింద లేదు, కృతజ్ఞత తక్కువా కాలేదు. కానీ ఆ మాటతో ఆవిడ లబ్ధిదారు కుర్చీలోంచి లేచింది. అడిగే హక్కున్న మనిషిలా మాట్లాడింది. ఏ క్లబ్బు రిపోర్టు ఫారంలోనూ ఆ ప్రశ్న రాసుకోవడానికి గడి లేదు.

విచిత్రమేమిటంటే, ఈ క్లబ్బుల చరిత్రలో పెద్ద మలుపులన్నీ కింది చెయ్యి నోరు విప్పినప్పుడే వచ్చాయి. 1917లో పుట్టిన లయన్స్‌కు చూపు లేనివాళ్ళ సేవ అన్న గుర్తింపు ఎలా వచ్చింది? 1925లో ఒహైయో రాష్ట్రంలోని సీడార్ పాయింట్‌లో వాళ్ళ మహాసభ జరిగింది. చూపూ వినికిడీ రెండూ లేని హెలెన్ కెల్లర్ ఆ సభ ముందు నిలబడి, మీరు అంధుల పక్షాన నిలబడే వీరులు కావాలి అని అడిగింది. సాయం పుచ్చుకోవాల్సిన వైపు నుంచి వచ్చిన మనిషికి ఆ రోజు మైకు దొరికింది. తర్వాత వందేళ్ళ పని ఆ ఒక్క ఉపన్యాసంలోంచి నడిచింది. ఆడవాళ్ళ విషయమూ అంతే. చాలాకాలం రోటరీలో వాళ్ళకు సభ్యత్వం లేదు. మన ఊళ్ళలో రొటేరియన్ల భార్యలను ఆన్‌లు అంటారు. భోజనాల దగ్గర, సంగీత కుర్చీల దగ్గర తప్ప వాళ్ళ ఊసుండేది కాదు. కాలిఫోర్నియాలో డ్వార్టీ అనే చిన్న ఊరి క్లబ్బు 1977లో ముగ్గురు ఆడవాళ్ళను చేర్చుకుంటే పైవాళ్ళు ఆ క్లబ్బు గుర్తింపే రద్దు చేశారు. ఆ చిన్న క్లబ్బు తగ్గలేదు. వ్యవహారం అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళి, 1987లో తీర్పు డ్వార్టీ వైపు వచ్చింది. 1989లో రోటరీ లోకమంతటా తలుపులు తీసింది. ఇవాళ మహిళా ప్రెసిడెంట్లను వేదిక మీద చూసి చప్పట్లు కొట్టే పెద్దమనుషులు ఆ తలుపు లోపలి నుంచి తెరుచుకోలేదని గుర్తుపెట్టుకుంటే బాగుంటుంది.

అన్నిటికంటే పెద్ద పాఠం పోలియోది. 1985లో రోటరీ పోలియోప్లస్ మొదలుపెట్టింది. ఇక్కడ ఏడాది జబ్బు లేదు. ఎంతమంది ప్రెసిడెంట్లు మారినా పని మారలేదు. కాలరు మారింది, రెండు చుక్కలు మారలేదు. పల్స్ పోలియో ఆదివారాల్లో మన ఊళ్ళ బస్టాండ్లలో, రైల్వే స్టేషన్లలో పసుపు టోపీలు పెట్టుకుని చంటిపిల్లల చిటికెనవేలికి గుర్తు పెట్టిన రొటేరియన్లను చూడనివాళ్ళుండరు. అయినా 2009లో మన దేశంలో 741 పోలియో కేసులు వచ్చాయి. ఎక్కువ భాగం పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లోనూ బీహారులోనూ. అక్కడ కొన్ని ఊళ్ళలో తల్లులు తలుపులు వేసుకున్నారు. చుక్కలు వేస్తే పిల్లలు పుట్టరన్న పుకారు ఒక కారణం. ఇంకో కారణం పుకారు కాదు, వాదన. రోడ్డు లేదు, కరెంటు లేదు, కాన్పుకు డాక్టరు లేడు, పిల్లాడికి విరేచనాలైతే చూసే దిక్కులేదు. ఈ చుక్కలు మాత్రం నెలకోసారి గుమ్మంలోకి వస్తాయేం? వీటి మీద మీకంత ప్రేమెందుకు?

ఇలాంటి మాట ఎదురైతే చాలామంది సేవకులకు కోపమొస్తుంది. ఉచితంగా ఇస్తుంటే వద్దంటారా, అజ్ఞానం! పోలియో పని గెలిచింది ఆ కోపాన్ని దిగమింగినందుకే. ఇమాములతో, మౌల్వీలతో కూర్చుని మాట్లాడారు. ఆ బస్తీల ఆడవాళ్ళనే ఇల్లిల్లూ తిరిగే కార్యకర్తలుగా పెట్టుకున్నారు. పోలియో వదలకుండా పట్టుకున్న 107 బ్లాకుల్లో చుక్కలతోపాటు నీళ్ళు, పారిశుధ్యం, విరేచనాల వైద్యం, తల్లిపాల సంగతి కూడా పట్టించుకోవాలని పథకం వేశారు. వద్దన్న తల్లి చెప్పింది నిజమే. మురుగు పారే చోట, విరేచనాలతో పేగులు పాడైన పిల్లలకు ఆ చుక్కలు సరిగా పనిచేయవని డాక్టర్లకూ అర్థమైంది. 2011 జనవరి 13న హౌరాలో ఒక పసిపాపకు వచ్చింది చివరి కేసు. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ మన ప్రాంతాన్ని పోలియో లేనిదిగా ప్రకటించింది. ఈ విజయంలో ప్రభుత్వానిది, యునిసెఫ్‌ది, ఊరూరి ఆశా కార్యకర్తలది పెద్ద వాటా. తలుపు వేసుకున్న తల్లికి కూడా అందులో ఒక వాటా రాయాలంటాను నేను.

కాదనగలిగినవాడే నిజంగా పుచ్చుకోగలడు. కాదనడానికి వీల్లేని చోట ఇచ్చింది ఏదైనా, ఎంత మంచిదైనా, దాంట్లో కాస్త బలవంతం కలిసే ఉంటుంది. తైత్తిరీయోపనిషత్తులో గురువు, చదువు ముగించుకుని ఇంటికెళ్ళే శిష్యుడికి, ఇచ్చేటప్పుడు సిగ్గుతో ఇవ్వమనీ భయంతో ఇవ్వమనీ చెబుతాడు. సిగ్గు సంగతి నాకు అర్థమవుతుంది. భయమెందుకో చాలాకాలం అంతుబట్టలేదు. పాపభయమని వ్యాఖ్యానాలు చెబుతాయి. నాకిప్పుడు తోచేది వేరు: ఎదుటివాడు తూకం వేస్తాడన్న భయమేమో. ఇచ్చింది పనికొచ్చిందో లేదో చెప్పగలిగినవాడు లోకంలో ఒక్కడే, పుచ్చుకున్నవాడు. వాడి ముందు కాస్త జంకు ఉండాల్సిందే.

హక్కుకూ దానానికీ మధ్య తేడా కూడా ఇక్కడే తెలుస్తుంది. ఉపాధి హామీ చట్టం 2005లో వచ్చాక, కూలి డబ్బులు ఆలస్యమైతే మండలాఫీసు ముందు కూర్చుని కేకలేయవచ్చు. కుట్టుమిషను మోటారు కాలిపోతే ఎవరి ముందు కూర్చుంటారు? అయితే సేవంతా ప్రభుత్వానికి అప్పగించి క్లబ్బులు మూసేయమంటారా అని అడగొచ్చు. అననుగాక అనను. ఫైలు కదలని చోట ఫోను కదిలిస్తుంది. అర్ధరాత్రి ఓ-నెగటివ్ రక్తం కావాలంటే జీవో ఎవడు వెతుకుతాడు? క్లబ్బులో ఎవరో ఒకరు మోటారుసైకిలు తీస్తారు. నా బాధల్లా, ఆ తెగువకు చెవులు కూడా ఉంటే బాగుండునని.

ఇదే మాట ఒక మాజీ ప్రెసిడెంటుగారితో అన్నాను. మంచి మనిషి, మాటలో మొహమాటం లేదు. రోటరీవాళ్ళకు నాలుగు ప్రశ్నల పరీక్ష ఒకటుంది. హెర్బర్ట్ టేలర్ అనే వ్యాపారి 1932లో, మునిగిపోతున్న తన కంపెనీని నిలబెట్టుకోవడానికి రాసుకున్నది. నిజమేనా, న్యాయమేనా, స్నేహం పెరుగుతుందా, అందరికీ మేలేనా అని అడుగుతుంది. ప్రతి మీటింగులో చదువుతారు. "ఆ 'అందరి'లో పోయినేడు కుట్టుమిషను పుచ్చుకున్నావిడ ఉందాండీ? ఏడాదికి ఒక్క మీటింగు, మీరిచ్చినవాళ్ళను పిలిచి, వాళ్ళు మాట్లాడితే మీరు వినే మీటింగు పెట్టకూడదా?" అని అడిగాను.

ఆయన నవ్వాడు. "పిలిస్తే వాళ్ళు ఫిర్యాదులు మొదలెడతారండీ. డబ్బు మాది, ఆదివారం మాది. పైగా సంజాయిషీ కూడా మేమే ఇచ్చుకోవాలా? ఇలాగైతే క్లబ్బులో కుర్చీలే మిగుల్తాయి, మనుషులుండరు."

ఆ మాటలో బలముంది. జీతం లేని పనికి జవాబుదారీ పెడితే అది ఉద్యోగమవుతుంది. స్వచ్ఛందంగా వచ్చినవాడు స్వచ్ఛందంగానే వెళ్ళిపోతాడు. నా దగ్గర దీనికి తిరుగులేని సమాధానం లేదు. ఒకటి మాత్రం అన్నాను: ఫిర్యాదు చేసేవాడు మిమ్మల్ని నమ్మినవాడు, నమ్మకం లేనివాడు కుళాయి విప్పి చూసి, సీసా పట్టుకుని ఇంటికి పోతాడు. ఆయన కాసేపు ఆలోచించి, "పెద్ద మీటింగులూ అవీ ఎందుకుగానీ, ఆ బడిలో ప్లాంటు మీద ఫోన్ నెంబరైతే వేయించొచ్చు" అన్నాడు.

వేయించొచ్చు, కానీ ఎవరి నెంబరు? ప్రెసిడెంటుది వేస్తే ఏడాదికి మారిపోతుంది, సెక్రటరీదీ అంతే. హెడ్‌మాస్టరుకు బదిలీలుంటాయి. బాగుచేసే మెకానిక్కు పక్క టౌన్లో ఉంటాడు, వచ్చిన ప్రతిసారీ డబ్బడుగుతాడు. కమిటీలో రెండుసార్లు చర్చకొచ్చిందట. ప్రస్తుతానికి ట్రెజరరుగారి సిమెంటు కొట్టు ల్యాండ్‌లైన్ నెంబరు రాయిద్దామనుకున్నారు. ఆయన ఇంకా ఒప్పుకోలేదు.